మధ్యాహ్నం పెరిగే అంకె

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఆపరేటింగ్ సిస్టంలో అన్నిటికంటే అడుగున ఉండి అందరి బరువూ మోసే ముక్కను కెర్నెల్ అంటారు. అది కూలిపోయినప్పుడు తెర మీద పడే చావు కబురులో మొదట ఎవరి కోడ్ పేరుంటే, ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు వాళ్లవి. నాచారంలో పాత రేకుల షెడ్డును ఆఫీసు చేసుకున్నవాళ్ల దగ్గర ఇంతకంటే గొప్ప సంస్కృతి ఆశించకూడదు.

మేం తయారు చేసేది మందుల గోదాముల్లో పెట్టే ఒక పెట్టె. లోపల వేడి ఎంతుందో చూస్తూ ఉండాలి, పెరిగితే మొత్తుకోవాలి. దాని ఉద్యోగం అంతే. మొన్న వేసవిలో, ఆఫీసులో పరీక్షకు పెట్టుకున్న పెట్టె రెండు మూడు రోజులకోసారి మొత్తుకోవడం మాని, పడుకోవడం మొదలుపెట్టింది. ప్రతిసారీ పైన ఒకటే పేరు: కొత్తగా చేరిన ఇంజనీరు రాసిన నెట్‌వర్క్ డ్రైవరు, అంటే పెట్టెను నెట్‌కు కలిపే కోడ్.

ఆ అమ్మాయిది కాకినాడ దగ్గర. బోడుప్పల్‌లో హాస్టల్. ప్రొబేషన్ ఆ శుక్రవారంతో అయిపోతుంది. అప్పటికి రెండు వారాల్లో ఐదుసార్లు బజ్జీలు కొని, బండి ఆయనకు ఇంటి మనిషి అయిపోయింది.

సోమవారం మా టీమ్ లీడ్ నన్ను పక్కకు పిలిచాడు. ఉప్పల్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, అందరం అన్న అంటాం.

"ఏంది తమ్మీ, ఈ పిల్ల సంగతి? ఉంచుదమా, పంపుదమా? నువ్వు సీనియర్‌వి. ఫారంల ఒక్క లైన్ రాసియ్యి, నేను సంతకం పెడ్త."

"జర సూసి రాస్తనన్నా."

"సూసుడేంది? రోజూ ఆమె పేరే పడుతుంది గద."

ఆ వాదనలో నాకు లోపం కనబడలేదు. వెతికానని కూడా చెప్పను. ఫారంలో పెన్సిల్‌తో "పనిలో జాగ్రత్త తక్కువ" అని రాసి సొరుగులో పెట్టాను. పెన్సిల్ ఎందుకంటే, నేను న్యాయంగా ఉండే మనిషిని.

అయినా అనుమానం నాకు పాత జబ్బు. పక్క ఫ్యాక్టరీ వెల్డింగ్‌ను అనుమానించాను. మా కరెంటును అనుమానించాను. హార్డ్‌వేర్ చూసే మామ (ఒకరినొకరం మామా అనుకుంటాం, చుట్టరికం లేదు) తెచ్చిన మెమరీ చిప్పులను అనుమానించి, ఆ మాట ఆయనతోనే అన్నాను.

"నా చిప్పుల జోలికి రాకు మామా. ముందు నీ కండ్లు చెక్ చేయించుకో," అన్నాడు.

చిక్కు ఏమిటంటే, కెర్నెల్‌లో మెమరీ రామంతాపూర్‌లో కిరాయి ఇల్లు లాంటిది. ఒకరు ఖాళీ చేసిన పూటే ఇంకొకరు సామాను దింపుతారు. పాత కిరాయివాడు తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని, అలవాటు కొద్దీ వచ్చి తన చెప్పుల స్టాండు హాల్లో పెట్టిపోతే, దానికి తట్టుకుని పడేది కొత్తగా దిగినవాళ్లు. కేకా వాళ్లదే వినబడుతుంది. కేక వేసినవాళ్లే దొంగలని మేం ఆచారం పెట్టుకున్నాం.

బుధవారం ఆ అమ్మాయి ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"సార్, ఒకసారి చూస్తారా? మెమరీలో పాడైన చోట ప్రతిసారీ ఒక చిన్న అంకె కూర్చుని ఉంటోందండి. అది నేను రాసింది కాదు."

"అందరూ అట్లనే అంటరమ్మా."

ఆమె నవ్వలేదు. "పొద్దున్న కూలితే అంకె చిన్నదండి. మధ్యాహ్నం కూలితే పెద్దది. చూడండి, 291, 304, 327, 338, 352. మెమరీకి పొద్దున్నా మధ్యాహ్నమూ ఎలా తెలుస్తుందండి?"

ఆమె తల వెనక, గోడ మీద మా థర్మామీటరు ఉంది. రేకుల కింద మధ్యాహ్నం మూడు గంటలు. 35.2 చూపిస్తోంది.

వేడిని చుక్క లేకుండా, 35.2ను 352గా, పదింతలు చేసి దాచే అలవాటు మా ఆఫీసులో ఒక్కరికే ఉంది. ఆ ఒక్కడూ "సరే, చూస్తా" అని కాగితం తీసుకున్నాడు. నేరస్థులు కూడా మొదట ఇదే మాట అంటారనుకుంటా.

వేడిని కొలిచే సెన్సర్ డ్రైవరు నాది. సెన్సర్ వైరు ఊడితే అది తన మెమరీని తిరిగి ఇచ్చేస్తుంది, పద్ధతిగా. కానీ నిమిషానికోసారి వేడి చూసి రాసే టైమర్‌ను ఆపడం మరిచిపోయాను. వైరు మళ్లీ పెట్టగానే అది ఖాళీ చేసిన ఇంట్లోకే వెళ్లి అంకె రాసి వస్తోంది. ఇలాంటి తప్పును పట్టి, తప్పు చేసినవాడి పేరుతో సహా అరవడానికి కెర్నెల్‌లో ఒక తనిఖీ ఉంటుంది. మా దాంట్లో అది ఆపేసి ఉంది. ఎవరు ఆపారా అని కోడ్ మార్పుల చరిత్ర తీస్తే, ఆరేళ్ల కిందట, నేను. కారణం అన్న చోట "తాత్కాలికంగా" అని ఉంది. ఆ వారం నేను మూడుసార్లు బజ్జీలు కొన్నట్టు గుర్తు.

మరి వైరు ఎందుకు ఊడుతోంది? అది మెట్ల దారికి అడ్డంగా నేల మీద ఉంది. సాయంత్రం బజ్జీలనగానే ఎనిమిది మందిమి ఒక్కసారి లేస్తాం. ఎవరి కాలో తగులుతుంది, ఎవరో మళ్లీ గుచ్చుతారు, వెళ్లి తింటాం. మర్నాడో ఎల్లుండో కెర్నెల్ కూలుతుంది. మళ్లీ బజ్జీలు.

గురువారమంతా ఇంకో దారి గురించి ఆలోచించాను. టైమర్‌ను గప్‌చుప్‌గా సరిచేసి, "దానంతట అదే సర్దుకుందన్నా" అనొచ్చు. పెట్టె బాగుపడుతుంది. ఆ ఐదు తప్పులు మాత్రం ఆమె పేరు మీదే ఉండిపోతాయి, అన్న వాటినే చూసి సంతకం పెడతాడు. ఆలోచించడానికి ఒక రోజు పట్టిందని రాయడం నాకేమీ గొప్పగా లేదు.

శుక్రవారం పొద్దున తనిఖీని మళ్లీ ఆన్ చేసి, అందరినీ పిలిచి, వైరును కాలితో తన్ని, మళ్లీ గుచ్చాను. నిమిషంలో తెర నిండా అక్షరాలు. పైన నా పేరు.

"గిదేంది తమ్మీ, నీ పేరు పడ్డది?"

"ఐదుసార్లు పడాల్సిందన్నా. ఇయ్యాల పడ్డది."

అన్న ఆ అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు, ఆఖరికి వైరును చూశాడు. మామ మాత్రం, "ముందు నా చిప్పులకు సారీ చెప్పు," అన్నాడు. చెప్పాను.

ఫారంలో పెన్సిల్ లైను చెరిపి, పెన్నుతో రాశాను: "మేమంతా పేరు చూస్తుంటే ఈమె అంకె చూసింది. ఉంచాలి." అన్న సంతకం పెట్టాడు. ఆమె కూడా పెట్టాలి. కాగితం అందుకుని, కాస్త వంచి, కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది.

"సార్, దీని కింద ఇంతకుముందు ఏం రాశారండి?"

"బజ్జీలు నావి. సాయంత్రం చెప్త," అన్నాను.

సాయంత్రం ఎనిమిది మందిమీ లేచాం. వైరు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగి, "మీరు ముందు దాటండి సార్," అంది. దాటాను. వెనక నిలబడి నా కాళ్లనే చూస్తోందని తిరిగి చూడకుండానే తెలిసింది.