ఎడారిలో పద్మిని వాళ్ళ నాన్న

తనకు తెలియనివి కూడా లోకంలో కొన్ని ఉంటాయన్న సంగతి తప్ప వాసుదేవరావుకు అన్నీ తెలుసు.

డెట్రాయిట్‌లో ఓ కార్ల కంపెనీలో ఇరవై నాలుగేళ్ళపాటు అద్దాల మీది వాన తుడిచే వైపర్లు డిజైన్ చేశాడు. ఎనభై రెండులో కంపెనీకి రోజులు బాగాలేక, యాభై ఎనిమిదేళ్ళకే ఆయన చేతిలో ఓ గోడగడియారం పెట్టి సాగనంపారు. ఇంటికొచ్చాక ఆయన సలహాలు వినడానికి భార్య జానకీదేవి ఒక్కతే మిగిలింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా వింటూ, వినకుండానే తలూపడంలో ఆరితేరిపోయింది. వాళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో తక్కిన తెలుగువాళ్ళు విందుల్లో ఆయన పక్క కుర్చీ ఖాళీగా వదిలేసేవారు.

అందుకని ఆయన ఇరవై ఏడడుగుల పాత మోటర్‌హోమ్ ఒకటి కొన్నాడు. వెనక మంచం, మధ్యలో వంటిల్లు, ముందు స్టీరింగు. మిషిగన్ మంచులో ఎముకలు కొరికించుకోవడం తెలివితక్కువతనమనీ, చలికాలం అరిజోనా ఎడారిలో గడపడమే శాస్త్రీయమనీ పేరుపేరునా ఫోన్ చేసి అందరికీ చెప్పాడు.

"అమెరికా వచ్చింది ఇల్లు కొనుక్కోవడానికి గానీ, ఇంటినేసుకుని ఊరేగడానికా అండీ?" అన్నాడు ఫోన్లో ఆ ఊరి తెలుగు డాక్టర్ దామోదర్.

"నీకు తెలీదులేవయ్యా," అన్నాడు వాసుదేవరావు. ఆయన సంభాషణలన్నీ అక్కడే మొదలయ్యేవి.

అలా జీవితమంతా వాన తుడిచిన మనిషి వాన పడని చోటికి బయల్దేరాడు.

ఎడారి ఆయనకు స్వర్గంలా కనిపించింది. ఎండవల్ల కాదు, మనుషులవల్ల. మంచు కురిసే రాష్ట్రాల నుంచి వచ్చిన రిటైరైనవాళ్ళ బళ్ళు రెండొందల దాకా ఆ బయలులో బారులు తీరి ఉన్నాయి. అందరూ మడత కుర్చీలేసుకుని చేసే పనేమీ లేక కూర్చునేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు గదా, మన వాసుదేవరావు వారం తిరక్కుండా రెండొందల బళ్ళకూ సలహాదారైపోయాడు. పక్క బండి హెరాల్డ్ మినెసోటాలో ముప్ఫై ఏళ్ళు ఫైర్‌మన్‌గా చేసినవాడు. ఆయనక్కూడా పొయ్యి ఎలా వెలిగించాలో నేర్పాడు.

జానకీదేవికి మాత్రం ఎవరైనా పలకరించినప్పుడల్లా ఓ చిక్కు వచ్చిపడేది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మనిషే గానీ, ఆవిడ మొగుడి పేరు నోటితో పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని పెళ్ళినాడు వాళ్ళమ్మ చెప్పింది. ఆఫీసుల్లో అయితే కాగితమ్మీద రాసి ముందుకు తోసేది. ఎడారిలో ఎవరైనా ఆయన పేరు అడిగితే "పద్మిని వాళ్ళ నాన్న" అని ఇంగ్లీషులో చెప్పేది. పద్మిని వాళ్ళమ్మాయి, షికాగోలో లా చదువుతోంది.

ఎనభై నాలుగు జనవరిలో ఓ రోజు పొద్దున, కాఫీల దగ్గర, వాసుదేవరావు "ఎడారిలో దారి తప్పకుండా ఉండటం ఎలా" అన్న విషయం మీద గంటన్నర మాట్లాడాడు. దారి తప్పేది బుద్ధి లేనివాళ్ళేనని తేల్చి, నిరూపించడానికి మధ్యాహ్నం భోజనం కాగానే ఒక్కడే కొండలవైపు బయల్దేరాడు. మెడలో ఒకే తాడుకు దిక్సూచీ, చేతి రేడియో వేలాడదీసుకున్నాడు. ఆ రేడియోలు క్యాంపులో ప్రతి బండిలోనూ ఉండేవి. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడేది.

ఎడమకు తిరిగాడు, కుడికి తిరిగాడు, ఓ ఎండు వాగు దాటాడు. మూడున్నరకు వెనక్కి తిరిగితే దిక్సూచి ఒకవైపు చూపిస్తోంది, సూర్యుడు ఇంకోవైపు దిగుతున్నాడు. ఆయన కాస్త ఆలోచించి, సూర్యుడిదే పొరపాటని నిర్ణయించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంకో గంట నడిచాక గానీ తట్టలేదు, రేడియో స్పీకర్లో అయస్కాంతం ఉంటుందనీ, దాని పక్కన వేలాడే ముల్లు దానివైపే తిరుగుతుందనీ. ఇది హైస్కూలు పాఠం. ఆయన నలుగురూ చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ముళ్ళపొదలు తప్ప ఎవరూ లేరు.

రేడియో మీట నొక్కి మాట్లాడబోయాడు. బ్యాటరీ నీరసించింది. వినబడుతోంది గానీ, ఇటునుంచి మాట పోవడం లేదు. ఓ బండమీద కూలబడ్డాడు. అప్పుడే హెరాల్డ్ గొంతు వినబడింది.

"మేడమ్, ఆరుగురం వెతకడానికి బయల్దేరాం. ఆయన ఎలా ఉంటారో అందరికీ వినబడేలా చెప్పండి."

"పొట్టిగా ఉంటారు," అంది జానకీదేవి. "బట్టతల. కాదంటారు గానీ బట్టతలే. ఎవర్నీ దారి అడగరు. మీరు తూర్పంటే ఆయన పడమరంటారు, అందుకని మీకు సరైందనిపించిన వైపు వెళ్ళకండి."

రేడియోలో ఎవరో నవ్వాపుకున్నారు. బండమీద కూర్చున్న వాసుదేవరావు చెవులు కాలిపోయాయి.

"పేరు చెప్పండి, పిలుస్తాం."

"పద్మినీస్ ఫాదర్," అంది ఆవిడ.

దాంతో ఆ కొండల్లో ఆరుగురు ముసలి అమెరికన్లు "పద్మినీస్ ఫాదర్! పద్మినీస్ ఫాదర్!" అని కేకలేస్తూ తిరగసాగారు. ఓ పావుగంటకు ఆ కేకలు ఆయన కూర్చున్న గుట్ట అవతలికే వచ్చాయి. ఒక్క అరుపు అరిస్తే చాలు. కానీ పొద్దుటి ఉపన్యాసం ఎక్కడికి పోతుంది? కింద పడ్డా పైచేయి తనదే కావాలి. వాళ్ళు వెనక్కి మళ్ళినప్పుడు దూరంగా వాళ్ళ వెంటే నడిచి, షికారు నుంచి వస్తున్నట్టు క్యాంపులో దిగిపోదామని పథకం వేశాడు. నోరు మూసుకుని కూర్చున్నాడు.

వాళ్ళు వెనక్కి మళ్ళలేదు. ఇంకోవైపు సాగిపోయారు. కేకలు సన్నబడిపోయాయి. ఎండ పోగానే చలి పట్టుకుంది. ఒంటిమీద పొట్టి చేతుల చొక్కా. చీకటి పడితే రాత్రికి నీళ్ళు గడ్డకట్టే చలి ఉంటుందని క్యాంపుకు చెప్పింది కూడా ఆయనే. ఆయనకు భయం వేసింది. నిజమైన భయం.

రేడియో మళ్ళీ గరగరలాడింది.

"ఏమండీ," అంది జానకీదేవి, ఈసారి తెలుగులో. "వినబడుతోందా? చలేస్తోందండీ. స్వెట్టరు మంచమ్మీదే వదిలేసి వెళ్ళారు." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత, రెండొందల బళ్ళకూ వినబడేలా, ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి, "వాసుదేవరావ్!" అని అరిచింది. 'గారు' కూడా లేదు. "వాసుదేవరావ్! ఎక్కడున్నారండీ!"

ఆయన బండమీంచి లేచి నిలబడ్డాడు. ఆ పేరు ఆవిడ నోట ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. చాలా బాగుంది. ఆయుష్షు పోతుందని నమ్మిన మనిషి పిలిచిందంటే, ఆయుష్షు ఇప్పటికే పోయిందనుకుంటోందన్నమాట. ఆ ఆలోచనకు ఆయన గుండె తరుక్కుపోయింది.

గుట్టెక్కి రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని, ఓపికున్నంతా కూడగట్టుకుని అరిచాడు.

"జానకీ! నాకు దారి తెలీడం లేదే! నాకేమీ తెలీడం లేదే!"

అరుస్తూనే ఉన్నాడు. లోయలోంచి హెరాల్డ్ చేతిదీపం ఊపుతూ పరుగున ఎక్కొచ్చాడు. ఆయన్ని చూస్తూనే తన రేడియో మీట నొక్కి, ఆ కేకలు క్యాంపుకు వినబడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"దొరికారు మేడమ్, బాగానే ఉన్నారు," అన్నాడు ఆయాసపడుతూ. "కానీ ఏదో ఒకటే మాట అరుస్తున్నారు. ఏమంటున్నారు? దెబ్బేమైనా తగిలిందంటున్నారా?"

రెండొందల బళ్ళలో జనం చెవులు రిక్కించుకుని ఉన్నారు. జానకీదేవి కళ్ళు తుడుచుకుని ఉంటుంది.

"లేదు," అంది. "అక్కణ్ణుంచి సూర్యాస్తమయం చాలా బాగుందట. మీరందరూ రావాల్సిందంటున్నారు."