చుక్కల బంతి, మా బావ

నేను హసన్‌పర్తిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఒక గోళం ఇంకో గోళాన్ని గుద్దితే ఏది ఎటు పోతుందో బోర్డు మీద బాణాలు గీసి మరీ వివరిస్తాను. ఆదివారం వస్తే హనుమకొండలోని పూల్ పార్లర్‌లో, కర్రతో బంతుల్ని టేబుల్ అంచు పాకెట్లలోకి పంపే ఆటలో, వర్ధన్నపేటలో పురుగుమందులు అమ్ముకునే మా బావ చేతిలో చిత్తుగా ఓడిపోతాను.

అక్క మొగుడు కాబట్టి నన్ను ఎగతాళి చేసే హక్కు ఆయనకు పెళ్లినాడే వచ్చేసింది. "ఏం బామ్మర్ది, ఫిజిక్స్ ఇయ్యాల లీవుల ఉన్నదా?" అనేవాడు, బంతిని పాకెట్‌లోకి పంపుతూ. మూడేళ్లు విన్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన్ని ఓడించి నోరు మూయించాలి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆగిపోయిన నా పీహెచ్‌డీ కంటే నాకు ఇదే ఎక్కువ కావాలనిపించింది.

ఆన్‌లైన్‌లో చుక్కల బంతి తెప్పించాను. కర్రతో పొడిచే తెల్ల బంతే, దాని మీద ఎర్ర చుక్కలు. కర్రతో సరిగ్గా నడిమధ్యన పొడిస్తే చుక్కలు తిన్నగా ముందుకు దొర్లుతాయి. పక్కన తగిలితే బొంగరంలా తిరుగుతాయి. మొదటిరోజు నావన్నీ బొంగరాలే. కాలేజీ అయ్యాక రోజూ ఖాళీ టేబుల్ చూసుకుని ఒక్కణ్నే సాధన చేశాను. ఆ బంతి నా బండారమంతా బయటపెట్టింది. మోచేయి బయటికి పోతోంది, ఊపిరి బిగబట్టేస్తున్నాను, పొడవకముందే తల లేపుతున్నాను. రెండు నెలలకు చుక్కలు కాస్త దారికొచ్చాయి.

దసరా నాడు ఆట పెట్టుకున్నాం. పొద్దున్నే పార్లర్ ఓనరు ఆయుధపూజ చేశాడు. లారీకి చేసినట్టే టేబుల్ ముందు కొబ్బరికాయ కొట్టి, కర్రలకు పసుపు రాసి, మేం ఆడే మామూలు తెల్ల బంతికి కూడా ఇంత కుంకుమ బొట్టు పెట్టాడు. నేను తుడవబోతే కసురుకున్నాడు.

"పండుగ పూట బొట్టు తుడుస్తరా సార్? ఏం గాదు, గట్లనే ఆడుండ్రి."

అట్లాగే ఆడాం. నేను మునుపటికంటే బాగా ఆడి, ఓడిపోయాను. కానీ బావ కొట్టినప్పుడల్లా నా కళ్లు ఆ బొట్టు మీదే ఉన్నాయి. అది గిర్రున బొంగరంలా తిరుగుతోంది! ఆయన ఒక్క దెబ్బా నడిమధ్యన కొట్టడం లేదు. ఆ తప్పుకు తగ్గట్టు గురి ఎంత జరపాలో ఆయన చేతికి తెలుసు, ఆయనకు తెలియదు.

నేను అక్కడితో నోరు మూసుకోవలసింది. కడుపుమంట ఊరుకోనిచ్చిందా?

"బావా, నువ్వు నడుమ కొడ్తలేవు. బొట్టు చూడు."

ఇంకోసారి కొట్టి, వంగి చూశాడు. "నిజమేరా! నీ చుక్కల బంతి జర ఇటియ్యి, నేను గూడ నేర్సుకుంట."

ఇచ్చాను. ఏమవుతుందో కొంత తెలిసే, సంతోషంగా ఇచ్చాను.

నెల తిరిగేసరికి బావ టేబుల్ ముందు నిలబడి, కర్రను ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఆలోచించడం మొదలుపెట్టాడు. పాకెట్ అంచున ఉన్న బంతి కూడా పడటం లేదు. ఆ ఆదివారం ఆయన్ని వరసగా మూడు ఆటలు ఓడించాను. "ఏం బావా, పురుగుమందు పనిజేస్తలేదా?" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఆయన రుమాలు విప్పి చుక్కల బంతిని నా చేతిలో పెట్టాడు.

"తీస్కో బామ్మర్ది. ముందుగాల ఎట్ల కొడుతుంటినో యాదికొస్తలేదు."

బంతిని జేబులో వేసుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం నేనే గెలుస్తున్నాను. ఏమీ బాగాలేదు. పోయిన వారం కావాలనే తప్పుగా పొడిచి, ఫిజిక్స్ లీవులో ఉందా అని అడుగుతాడేమోనని చూశాను. బావ నవ్వలేదు. దొర్లుతున్న బంతినే చూస్తూ, "మోచెయ్యి బయటికి పోతాంది" అన్నాడు.