కడపవాడికి తుపాకి తెలియదా

మాది కడప జిల్లా. ఈ ముక్క సిడ్నీలో ఏ తెలుగువాడితో చెప్పినా అతని చూపు ఒక్క క్షణం నా నడుము దగ్గరికి దిగి, మళ్లీ పైకి వస్తుంది. చొక్కా కింద ఏమన్నా దాచానేమోనని అనుమానం. నేను రైల్వే సిగ్నళ్లు చూసుకునే ఇంజనీరును. దీపావళికి చిచ్చుబుడ్డిని సైతం ముఖం పక్కకి తిప్పుకొని, చెయ్యి బారెడు చాపి వెలిగించే రకం. చిన్నప్పుడు నేను దగ్గరగా చూసిన తుపాకి ఒక్కటే, ప్రొద్దుటూరులో బ్యాంకు కాపలాదారుది. ఆయన దాన్ని గడ్డం కింద ఊతంగా పెట్టుకొని మధ్యాహ్నాలు కునుకు తీసేవాడు.

అయినా ఎవరి అపోహనూ నేను సరిదిద్దలేదు. తలా ఒక వంట తెచ్చుకునే పోట్లక్ విందుల్లో నా కారుకు అడ్డంగా ఎవరూ బండి పెట్టరు. క్యారమ్స్‌లో నేను ఫౌల్ కాదంటే కాదు. ఊరు ఇచ్చిన పేరు, ఊరికే వదులుకోవడమెందుకు?

ఆ పేరు నా మెడకు చుట్టుకున్నది, నగరంలో వలసవాళ్లకు వ్యతిరేకంగా ఊరేగింపులు జరిగిన రోజుల్లో. మేముండే క్వేకర్స్ హిల్‌లో ఏమీ జరగలేదు గాని, ఫోన్లలో మాత్రం ఊరంతా తగలబడుతున్నట్టే ఉండేది. మా ఆవిడది తెనాలి. మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తుంది. ఎన్నో ఏళ్లుగా సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు మార్చుకొని వాగు దాకా నడిచి వస్తుంది. అది పూర్తిగా ఆమె సమయం. అప్పుడు నేను ఫోన్ చేసినా ఎత్తదు.

ఒక సాయంత్రం ఆ దారిలో వెనక నుంచి, సామాను తొట్టి ఉన్న ఒక యూట్ బండి వచ్చి, ఆమె పక్కన నెమ్మదించింది. కిటికీలోంచి ఎవడో అరిచి, నవ్వి, వెళ్లిపోయాడు. అంతే జరిగింది. ఇంటికి వచ్చాక బియ్యం కడుగుతూ చెప్పింది.

"ఇంటికి పో అన్నాడండీ. నేను ఇంటికేగా వస్తున్నాను."

నవ్వుతూనే అంది. కానీ మర్నాడు బూట్లు తొడుక్కోలేదు. ఆ మర్నాడూ లేదు. నడక మానేసిన దగ్గర్నుంచి కుదురుగా కూర్చోలేక వంటింటి అరలన్నీ సర్దడం మొదలుపెట్టింది. సర్దినవే మళ్లీ సర్దేది. పోపుల డబ్బాను నేను రోజుకోచోట వెతుక్కోవాల్సి వచ్చేది. ఆమె భయపడటం నేను అంతకుముందు చూడలేదు. అది చూసి నాకూ భయమేసింది. నాకు భయమేస్తే కోపం వస్తుంది. ఆ కోపంలోనే శనివారం మా గ్యారేజీలో సమావేశం పెట్టాను.

మొత్తం ఐదుగురం. అందులో ముఖ్యులిద్దరు. ఒకరు రిటైరైన డాక్టర్ అంకుల్. ఇంకొకడు వరంగల్ తమ్ముడు. చదువుకోడానికి వచ్చి, ఇప్పుడు గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా స్థిరపడ్డాడు. ఇంటికో తుపాకి ఉండాల్సిందేనని తేల్చింది అతనే.

"అన్నా, నువ్వు చెప్పు. ఏ గన్ మంచిగుంటది? మీ దిక్కు ఇంటింటికి ఉంటది గదా."

అందరూ నా వైపు తిరిగారు. నిజం చెప్పే అవకాశం అక్కడే ఉంది. నేను మాత్రం గడ్డం నిమురుకొని, "అది ఇంటిని బట్టి ఉంటాది" అన్నాను. గ్యారేజీ మొత్తం గౌరవంగా కుర్చీలు ముందుకు జరుపుకుంది. ఆ గౌరవం నాకు తలకెక్కింది. మరీ పొడుగుదైతే నడవాలో మలుపు తిరగదన్నాను. మరీ పొట్టిదైతే దొంగకి కనబడదన్నాను. బరువుది ఆడవాళ్లు ఎత్తలేరు, తేలికది నిలకడగా ఉండదు అన్నాను. వెనకటి వారమే సోఫా కొన్నాం. షాపువాడు నాకు చెప్పిన మాటలే అటూఇటూ మార్చి చెప్పేశాను. అందరూ తలలూపారు.

అప్పుడే యూనివర్సిటీలో లా చదివే మా అమ్మాయి, గ్యారేజీలో ఉన్న రెండో ఫ్రిజ్ నుంచి మామిడిపండు తీసుకోడానికి వచ్చింది. మేం మాట్లాడింది విని, ఇంగ్లీషులో చల్లగా చెప్పింది. ఈ దేశంలో ఆత్మరక్షణ కోసమంటే లైసెన్సు ఇవ్వరట. పొలం ఉండాలి, వేటకి వెళ్లాలి, లేదా క్లబ్బులో గురిపోటీలు ఆడాలి. ఇచ్చినా తుపాకిని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయాలట, తూటాలు వేరే తాళంలో ఉంచాలట. చెప్పి, పండు తీసుకొని వెళ్లిపోయింది.

డాక్టర్ అంకుల్ కళ్లు మూసుకొని ఆలోచించారు. దొంగ వచ్చాక ముందు ఒక తాళం వెతకాలి, తరవాత రెండోది, ఆపైన కళ్లద్దాలు. అంతసేపు వాడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాలని తేల్చారు. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఇనప్పెట్టె ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఆయుధమంటే నైరుతి మూలేనన్నాను. డాక్టర్ అంకుల్ అభ్యంతరం చెప్పారు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి నడుస్తాడు కాబట్టి మూలలన్నీ తలకిందులై, నైరుతి కాస్తా వాయవ్యమవుతుందని ఆయన వాదన. కాదు, దిక్కు దిక్కేనని నా వాదన. తుపాకి సంగతి అందరూ మరిచిపోయారు. పకోడీలు పట్టుకొచ్చిన మా ఆవిడ కాసేపు విని, ఆ రెండు మూలల్లోనూ తన పట్టుచీరల బీరువాలే ఉన్నాయని చెప్పి ప్లేటు పెట్టి వెళ్లింది.

మరుసటి వారం కొత్తవాళ్ల చేత కాల్పించి చూపే ఒక తుపాకుల క్లబ్బుకి వెళ్లాం. బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ, ఎందుకొచ్చారని మర్యాదగా అడిగింది. వరంగల్ తమ్ముడు నిజాయితీపరుడు, ఇంటి రక్షణకని చెప్పేశాడు. ఆవిడ పెన్ను కింద పెట్టింది. మేమంతా ఒక్కసారిగా క్రీడాభిమానులమయ్యాం. డాక్టర్ అంకులైతే చిన్నప్పటి నుంచీ గురి చూడటమంటే ప్రాణమన్నారు. ఆయనకి రెండు కళ్లకీ శుక్లాలు తీశారు.

కడపవాణ్ని గనక నన్నే ముందు నిలబెట్టారు. చెవులకి మూతలు పెట్టారు, భుజానికి తుపాకి ఆనించారు. పక్కనున్న శిక్షకుడు చెప్పగానే నొక్కాను. పిడుగు భుజం మీదే పడింది. గురి అట్ట మీద చిల్లు లేదు. అప్పటి నా ముఖం చూసి మావాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు గాని, నాకు మాత్రం ఇంకో తూటా పేల్చాలనిపించలేదు. ఎదురుగా అట్ట కాక మనిషి ఉంటే ఎలాగన్న ఆలోచన వచ్చింది. తుపాకిని శిక్షకుడికి తిరిగి ఇచ్చేశాను. తుపాకిలో ఏదో లోపముందని మావాళ్లతో చెప్పాను, వాళ్లు నమ్మారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ నా భుజానికి బామ్ రాసింది. రాస్తూ అంది.

"తుపాకి ఇనప్పెట్టెలో ఉంటుంది. నేను రోడ్డు మీద ఉంటాను. దానికీ నాకూ ఏం సంబంధమండీ?"

తోడుగా నేనే వస్తానన్నాను. ఈ సంగతి తెలిసి మిగతా నలుగురూ తామూ వస్తామన్నారు. మర్నాటి నుంచీ ఆమె మళ్లీ నడక మొదలుపెట్టింది, చెవుల్లో పాటలు పెట్టుకొని, చకచకా. ఆమె అడుగు మేం అందుకోలేం. ఇరవై గజాలు వెనక ఐదుగురం నల్ల జాకెట్లలో, చేతులు ఊపుతూ, నైరుతి గురించి కొట్లాడుకుంటూ నడిచేవాళ్లం. ఆమె ఆగితే ఆగేవాళ్లం. ఆమె మలుపు తిరిగితే పరుగందుకునేవాళ్లం. కాపలా బ్రహ్మాండంగా సాగుతోందని నేను మురిసిపోయాను.

వారం తిరక్కుండానే, మా పేటవాళ్లు కబుర్లు రాసుకునే ఫేస్‌బుక్ గుంపులో ఒకరు పెట్టిన పోస్టును మా ఆవిడ నాకు చదివి వినిపించింది. రోజూ సాయంత్రం కొందరు మగవాళ్లు వాగు దారిలో ఒక భారతీయ మహిళను వెంబడిస్తున్నారట. ఆమె ఆగితే ఆగుతున్నారట, తిరిగితే పరుగెడుతున్నారట. పాపం ఆమెకి ఏమీ కాకుండా మనం చూడాలి అని రాశారు. కింద ఎవరెవరో జవాబులిచ్చారు. రేపటి నుంచి ఆ వేళకి నా కుక్కను తీసుకొని మూలమీద నిలబడతానని ఒకాయన రాశాడు. నేను వరండాలో కూర్చుంటాను, ఆమెకేం కావాలన్నా మా గేటు తీసే ఉంటుందని ఇంకొకావిడ రాసింది. పోలీసులకి చెబుదామని మరొకరు.

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. సోఫా మీద పడి, పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఫోన్ నాకివ్వకుండా ఆ జవాబులన్నీ మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా సంతోషమేసింది. ఆ వెంబడించేది మేమేనని, నేను ఆమె భర్తనని మాత్రమే రాసి క్షమాపణ చెప్పాను. కడప సంగతి రాయలేదు.

మర్నాడు సాయంత్రం ఆమె బూట్లు తొడుక్కుంది. నేనూ లేచాను.

"మీరు కూర్చోండి. నేనొక్కదాన్నే వెళ్లొస్తాను."

కిటికీ దగ్గర నిలబడ్డాను. మూలమీద కుక్కతో నిలబడ్డ ముసలాయన చెయ్యెత్తాడు. ఆమె కూడా చెయ్యెత్తి, మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. వరంగల్ తమ్ముడు ఫోన్ చేసి ఇయ్యాల వాకింగ్ లేదా అన్నా అని అడిగాడు. వాకింగ్ ఉండాదిలే, మనమే లేమని చెప్పి పెట్టేశాను.

ఆమె వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, బియ్యం కడిగారా అని అడిగింది. కడగలేదు. ఆమె వెళ్లిన దగ్గర్నుంచీ నేను కిటికీ దగ్గరే ఉన్నాను.