కూరుకుపోయింది పడవ కాదు, బండి

మా పడవ బురదలో కూరుకుపోయిందనీ, దానికి కారణం నా మొండితనమనీ మా ఊళ్ళో చెప్పుకుంటారు. బడికి కొత్తగా టీచరెవరైనా వస్తే ముందు టీ కొట్టు దగ్గర ఈ కథ వినిపించి, తర్వాత బడి ఎటో చూపిస్తారు. అందులో బురద ఒక్కటే నిజం. దిగబడింది మా మరిది ఏరికోరి తెచ్చిన బండి. పడవ ఆ పూటంతా గట్టి నేల మీద రాణిలా కూర్చునే ఉంది. ఇక నా మొండితనమంటారా, అది ఉంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

కొల్లాపూర్ దాటాక కృష్ణ ఒడ్డున ఉంటుంది మా ఊరు. ఆనకట్ట వెనకనీళ్ళు వానాకాలంలో రోడ్డు చివరిదాకా వస్తాయి, ఎండాకాలంలో కంటికి ఆననంత దూరం పోతాయి. అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించే పడవలు పదిహేను. వాటికొక వరస ఉంది. ముందున్న పడవలకు రోజూ ఒక తిరుగుడు ఖాయం, చివరివాటికి జనం మిగిలితేనే. మా మామగారు తెడ్డు వేసిన రోజుల నుంచీ మాది మూడో పడవ. ఆయన పోయాక అది నా పేరు మీదికి వచ్చింది. వనపర్తిలో డిగ్రీ చదివినందుకు ఇంట్లో కాగితాల పనంతా నా నెత్తిన పడింది కదా, పడవ కూడా ఆ కాగితాలతోపాటే వచ్చింది. ఇంజన్ మా ఆయన నడుపుతాడు. టికెట్లూ తగువులూ నావి.

ఆ ఏడు మాఘమాసంలో నీళ్ళు తగ్గుతున్నాయి. ఎప్పుడో మునిగిన పాత ఊరి గోడలు ఆ రోజుల్లో నీటి పైభాగానికి దగ్గరగా వస్తాయి. అలాంటి గోడ ఒకటి మా పడవ అడుగు చీల్చింది. నలుగురినీ బతిమాలి, చేతులతో లాగించి, ఒడ్డెక్కించాం. ఇక్కడే మా కట్టుబాటు చెప్పాలి. పగిలిన పడవకు రెండు అమావాస్యల గడువు. రెండో అమావాస్య పొద్దు పొడిచేసరికి పడవ ముక్కు నీళ్ళలో ఉండాలి. లేకపోతే ఆ పడవ పదిహేనో స్థానానికి పోతుంది. ఎండాకాలంలో పదిహేనో పడవంటే బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరాదు.

"ఇగ ఎవ్వర్నీ బతిమాలేది లేదు వదినా. పడవ ఉన్నోనికి బండి గూడ ఉండాలె" అన్నాడు మా మరిది. అన్నమాట ప్రకారమే బండి వేటలో పడ్డాడు. ట్రాలీ ఆటో చూశాడు, పడవ తోక బయటికి వేలాడుతుందన్నాడు. జీపు చూశాడు, బలం చాలదన్నాడు. నేను ట్రాక్టర్ అన్నాను. వరి మడి దున్నేటప్పుడు తగిలిస్తారే, ఆ పంజరం లాంటి ఇనుప చక్రాలు, వాటితో సహా అద్దెకు తెద్దామన్నాను.

"గది పొలం బండి వదినా. మనది పడవ."

"అయితే ఏంది, ట్రాక్టర్ లాగితే పడవకు నామోషీ అయితదా?"

"నీకు బండ్ల గురించి తెల్వదు, జర ఊకో."

పోయి పోయి మానవపాడు దగ్గర, హైవే మీద చెడిపోయిన లారీలను ఈడ్చుకుపోయే ముసలి బండిని ఒకదాన్ని పట్టుకొచ్చాడు. వెనక చిన్న క్రేను, దానికి నా తలకాయంత కొక్కెం. లారీని లాగినోడు పడవను లాగడా అని ఊరు ఊరంతా దాని చుట్టూ తిరిగి చూసింది. మరిది టేపు పట్టుకుని రోడ్డు చివరి నుంచి నీళ్ళ దాకా కొలిచాడు. నలభై అడుగులు. పంపు గది గోడ మీద చాక్‌పీసుతో రాసి, కింద గీత కూడా గీశాడు. నీళ్ళు ఇంకా వెనక్కి పోతాయని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అయినా గోడెక్కిన అంకెకు ఒక గౌరవం వచ్చేస్తుంది. రెండు నెలలూ అందరూ ఆ నలభై గురించే మాట్లాడారు.

ఆ కోపంలోనే నేనూ ఒక బండి కొన్నాను. మడత పెట్టే బ్యాటరీ స్కూటర్. పడవ ఉన్నవాళ్ళకు నీళ్ళ మీద ఇంజన్, నేల మీద ఉత్త కాళ్ళు. అవతలి ఒడ్డున దిగి రోడ్డెక్కాలంటే ఎండలో అంత దూరం నడక. స్కూటర్‌ని మడిచి పడవలో పడేసుకుంటే ఆ బాధ లేదని నా లెక్క. మరిది దాన్ని నాలుగుసార్లు విప్పించి, నాలుగుసార్లు మడిపించాడు.

"మంచం మడిచినట్టే ఉంది వదినా. దుప్పటి గూడ ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు. నీ బండి చూసినంక మొఖం కప్పుకుందామని దాచిపెట్టిన."

మా ఆయనను అడిగితే నాకూ, తన తమ్ముడికీ ఒకటే జవాబు: "మీ ఇష్టం." పడవ లేని ఆ రెండు నెలలూ ఆయన వేరేవాళ్ళ పడవ మీద కూలికి పోయాడు. నీళ్ళంచున దిగి పడవ తోసి, ప్యాంటు మోకాళ్ళ దాకా నల్లటి బురదతో ఇంటికొచ్చేవాడు. బండమీద బాది బాది ఉతికింది నేనే.

పడవ అడుగు అతికేవాడు రేపూ మాపూ అంటూ అమావాస్య ముందురోజు దాకా లాగాడు. ఆ పొద్దున పడవను చక్రాల చట్రం మీద కట్టి, పొడవాటి ఇనుప తాడుతో మరిది బండికి తగిలించారు. ఊరంతా వచ్చింది. నలభై అడుగుల దగ్గర నీటి జాడే లేదు. నీళ్ళు దూరంగా పళ్ళెం అంచులా మెరుస్తున్నాయి. మధ్యలో నేల తెల్లగా ఎండి, పగుళ్ళిచ్చి, నిఖార్సైన రోడ్డులా కనిపిస్తోంది. జనం నడిచే కాలిబాట పక్కనే ఉంది గానీ, అది మనిషి వెడల్పే.

బండి ఆ ఎండిన మట్టి పెంకు మీదికి దిగింది. కొంత దూరం బాగానే పోయింది. ఎవరో ఈల కూడా వేశారు. ఆ ఈల ఆగకముందే ముందు చక్రాలు రెండూ పెంకు పగలగొట్టుకుని లోపలికి పోయాయి. మరిది ఇంకా గట్టిగా తొక్కాడు. బండి ఇంకా కిందికి పోయింది. తాడు చివర పడవ మాత్రం గట్టి నేల మీదే ఆగింది. ఆ తర్వాత తలుపు తెరుచుకోక కిటికీలోంచి బయటికి పాకాడు.

"నేల గిట్ల మోసం జేస్తదనుకోలే వదినా!"

"నేలదేం పోయింది, నువ్వు దాన్ని ఒక్క మాటన్న అడిగినవా?"

అప్పుడు మా ఆయన, కాలిబాట మీద నిలబడి, ఎవర్నీ చూడకుండా అన్నాడు. "ఆడ మోకాలి లోతు ఉంటది. రోజూ చూస్తున్న."

ఎవరూ వినలేదు. నేను విన్నాను.

కానీ అప్పుడు పోట్లాడే తీరిక లేదు. రేపు పొద్దుటికి ముక్కు తడవకపోతే మా మామగారి మూడో స్థానం పోతుంది. స్కూటర్ విప్పి ఎక్కాను. మోకాళ్ళు రెండూ బయటికి పెట్టుకుని, గాడిద పిల్ల మీద కూర్చున్నట్టు పక్క ఊరికి పోయాను. అక్కడ వరి వేసే ఒకావిడకు ట్రాక్టర్ ఉంది. నాకంటే పెద్దది, అక్కా అంటాను. యాసంగి నాట్లయిపోయాయి కాబట్టి ఇనుప చక్రాలు కొట్టం గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద కోళ్ళు కూర్చున్నాయి.

"ఏంది చెల్లే, గింత చిన్న బండి మీద గంత పెద్ద మొఖం ఏసుకొని వచ్చినవ్?"

చెప్పాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

"ఈ మాట రెండు నెలల కిందనే చెప్పొచ్చు గద?"

"చెప్పిన. పొలం బండి అన్నరు."

"మరి అన్నం ఏడికెల్లి వస్తదంట ఆయనకు?" అని కోళ్ళను తోలింది.

మధ్యాహ్నం దాటాక ట్రాక్టర్ వచ్చింది. రోడ్డు చివర ఇనుప చక్రాలు బిగించి, పడవను చట్రం మీంచి దించి నేరుగా ట్రాక్టర్ వెనక కట్టారు. ఆ చక్రాలు బురదను మడిలో తొక్కినట్టే తొక్కుకుంటూ పోయాయి. వెనక పడవ, నీళ్ళ మీద కంటే మెత్తగా జారుకుంటూ పోయింది. మరిది బండి పక్కనుంచి పోతున్నప్పుడు అక్క ఊరికే ఉండకుండా హారన్ కొట్టింది. పొద్దు వాలకముందే ముక్కు తడిసింది. పడవల వరస చూసే ఊరి పెద్ద వంగి, చెయ్యి పెట్టి చూశాడు.

"మూడోదే. కానీ కోడలా, పొలం బండితోని పడవను దించుడు మా తాతల నాడు లేదు."

"మీ తాతల నాడు గింత బురద గూడ లేకుండె మామా, నది పారుతుండె" అన్నాను. ఆయన నవ్వాడో, దగ్గాడో.

మడత స్కూటర్ పడవలో పడేశాం. ఇప్పటికీ అందులోనే తిరుగుతోంది. మరిది బండిని వారం తర్వాత అదే ట్రాక్టర్ బయటికి లాగింది. ఊరు మాత్రం ఆ వారం రోజులూ కనిపించిన దృశ్యాన్నే గుర్తుపెట్టుకుంది. బురదలో మా ఇంటి బండి, ఒడ్డున అరుస్తున్న నేను. ఆ రెండిటినీ కలిపి కథ అల్లుకున్నారు, అందులో బండి కాస్తా పడవైంది.

సరే, నా మొండితనం. ఆ రెండు నెలల్లో నీళ్ళ దాకా నడిచి చూసిరావాలని నాకూ తట్టలేదు. మరిదిని ఓడించడమే పనిగా ఉన్నాను. ప్రతి సాయంత్రం ఆ బురద మా ఇంటికే వచ్చింది, నా చేతుల్లోనే కరిగింది. దాన్ని సబ్బుతో వదిలించాను తప్ప, ఇదెక్కడిదని అడగలేదు.

మా ఆయన మాత్రం రోజూ అక్కడ నడిచాడు, రోజూ దిగబడ్డాడు. ఆయనకు తెలుసు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "మీ ఇద్దరి మధ్యల నన్నెందుకు ఇరికిస్తవే" అని ఇంజన్ దగ్గరికి పోతాడు. నాకు అది చాలదు, ఇంకా అడుగుతూనే ఉన్నాను. నీ తమ్ముడు ఊరి ముందు చిన్నబోతాడని ఊరుకున్నావా, నా నోటికి భయపడి ఊరుకున్నావా, లేక మీ నాన్న పడవ నా పేరు మీదికి వచ్చిన రోజు నుంచీ, అది పదిహేనో స్థానానికి పోతే పోనీ అనుకుంటున్నావా?