కలలో వచ్చిన అమ్మ

ఈ రోజు సూర్యాపేటలో మా డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ క్లాసు చెప్పాను. మెలకువ వచ్చాక కల అబద్ధమని తెలిసినట్టే, జ్ఞానం కలిగాక ఈ లోకమూ అంతేనంటుంది అద్వైతం. బయట ముసురు పట్టింది. పిల్లలు సగం నిద్రలో విన్నారు.

క్లాసయ్యాక సుజాత నా దగ్గరికి వచ్చింది. పెన్‌పహాడ్ దగ్గర ఒక తండా నుంచి వస్తుంది. వాళ్లమ్మ నిరుడు చనిపోయింది.

"సార్, తెల్లారుజామున మా అమ్మ కలలకొచ్చింది. మా లంబాడీలనే మాట్లాడింది. గా కల కూడ అబద్ధమేనా?"

పుస్తకంలోని జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమన్నది బిడ్డా?"

"తిన్నవా అని అడిగింది సార్. రోజూ తినకుండనే బస్సెక్కుత. ఇయ్యాల తినొచ్చిన."



"మరి అబద్ధమెట్లయితది?" అన్నాను. "పరీక్షల మాత్రం పుస్తకంల ఉన్నట్టే రాయి."

సుజాత నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ అమ్మాయి నవ్వడం చూశాను. పాఠానికి ద్రోహం చేశానేమో తెలియదు కానీ, సాయంత్రం నుంచి మనసు తేలిగ్గా ఉంది. మీరైతే ఏం చెప్పేవారు?