నా కంప్యూటర్‌లో రెండు గంటల సైరన్

మా వాడలో పిల్లలకు జ్వరమొస్తే ముందు నిమ్మకాయ తిప్పుతారు, తర్వాత డాక్టరు దగ్గరికి పోతారు. నేను నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని అలాంటివాళ్ల పేర్లు ఎక్కించే మనిషిని. దయ్యం పట్టిందని తీసుకొచ్చిన ఆడపిల్లలకు రక్తం తక్కువని రిపోర్టు రావడం ఎన్నోసార్లు చూశాను. అందుకే ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి కోపమూ వచ్చేది. ఇప్పుడు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. నవ్వేవాళ్లు నవ్వండి.

మాది బోధన్. రోజూ బస్సులో పోయి వస్తాను. అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. బాపు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్లు వాచ్‌మన్‌గా చేసి, అదీ మానేశాడు. మాట తక్కువ, చాయ్ ఎక్కువ.

నాకు చిన్నప్పటి నుంచి గేమింగ్ కంప్యూటర్ అంటే పిచ్చి. ఫోన్‌లో ఏ గేమ్ పెట్టినా అది పెనంలా వేడెక్కి ఆగిపోయేది. జీతంలో మిగిలింది దాచుకుని, ఏడాదిన్నర వీడియోలు చూసి, ఒక్కో సామాను పోగుచేశాను. ఏదో ఆఫీసు వదిలించుకున్న మదర్‌బోర్డు, ప్రాసెసర్ దొరికాయి. గ్రాఫిక్స్ కార్డు కూడా ఎవరో వాడిందే. ఎక్కడైనా పైసలు మిగుల్చుకో గానీ లోపలికి కరెంటు పంచే పవర్ సప్లైలో మాత్రం కక్కుర్తి పడకు అని వీడియోల్లో అందరూ చెబుతారు. నేను సరిగ్గా అక్కడే కక్కుర్తి పడ్డాను. బోధన్‌లోనే ఒకామె, పవర్ సప్లై బిగించి ఉన్న పాత క్యాబినెట్, అంటే కంప్యూటర్ రేకు డబ్బా, అమ్ముతానని ఫోన్‌లో ప్రకటన పెట్టింది. పోయి తెచ్చుకున్నాను. మీటరు పెట్టి చూస్తే కరెంటు సరిగ్గానే వస్తోంది.

ఒక ఆదివారం నేలమీద చాప పరిచి, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా బిగించేశాను. పొగాకు దుమ్ము ఫ్యాన్లలోకి పోతుందని నేను గొడవ చేస్తే అమ్మ తన చాట అవతలి గదిలోకి మార్చుకుంది. స్పీకర్లు కొనలేదు. హెడ్‌ఫోన్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. బోర్డుకు ఉండే చిన్న బజర్ కూడా పీకేశాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కంప్యూటర్‌కు నోరు లేదు.

తెర వెలిగింది. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. లారీ నడిపే గేమ్ ఒకటి ఎక్కిస్తుండగా గోడ గడియారంలో రెండయింది. అప్పుడు సైరన్ మోగింది.

బోధన్‌లో పెరిగినవాళ్లకు ఆ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ కొత్త కాదు. షిఫ్టు మారేటప్పుడు మోగేది. ఫ్యాక్టరీతో పాటే అదీ ఆగిపోయింది. ఇప్పుడది నా బల్ల మీది నుంచి వస్తోంది. చెయ్యి పెడితే క్యాబినెట్ రేకు అదురుతోంది. గబుక్కున ప్లగ్గు పీకాను. తెర నల్లబడింది, ఫ్యాన్లు ఆగాయి, సైరన్ ఆగలేదు. ప్లగ్గు నా చేతిలో ఉండగానే నిమిషం పాటు మోగి మెల్లగా దిగింది.

పక్కింటి లక్ష్మక్క అన్నం కలుపుతున్న చేత్తోనే మా వాకిట్లోకి ఉరికివచ్చింది.

"ఫ్యాక్టరీ మళ్ల షురూ అయిందా ఏంది బిడ్డా?"

ఆమె మొహంలో ఎంత ఆశ ఉందో చూసి లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. వెనక్కి తిరిగేసరికి బాపు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"యాడికి బాపు?"

"డ్యూటీకి. రాజన్న ఒక్కడే ఉన్నడు. నేను పోతేనే గదా ఆయన డ్యూటీ దిగేది."

అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కాసేపటికి బాపు మామూలు మనిషయ్యాడు. ఏమైందని అడిగితే గుర్తులేదన్నాడు.

సాయంత్రం అమ్మ నాకు సంగతి చెప్పింది. బాయిలర్ దగ్గర ఒక పద్ధతి ఉండేదట. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి ఎదురుగా నిలబడేదాకా ముందు షిఫ్టు మనిషి కదలకూడదు. బాపు కంటే ముందు షిఫ్టు రాజన్నది. ఆఖరి రోజు, ఎలాగూ మూసేస్తున్నారు కదా అని బాపు రెండు గంటల డ్యూటీకి పోలేదు. రాజన్న పొద్దుగూకేదాకా అక్కడే నిలబడి ఎదురుచూశాడట. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

నాకేదో అనుమానం వచ్చి క్యాబినెట్ అమ్మినామెకు ఫోన్ చేశాను. అది ఎవరు వాడిందని అడిగాను.

"మా తమ్మునిది అక్కా. వాడు కొత్తది కొన్నంక మా నాయిన ఈ పాతదాని ముంగటనే కూసునేటోడు. ఫ్యాన్ సప్పుడు బాయిలర్ లెక్కనే ఉన్నదనేటోడు. పోయిన ఎండకాలం సచ్చిపోయిండు. మా నాయిన పేరు రాజన్న, ఫ్యాక్టరీల అందరికీ ఎరుకనే."

బాపుకు నేను దాన్ని ఎక్కడ కొన్నానో చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు.

మర్నాడు కంప్యూటర్ తీగ పూర్తిగా ఊడదీసి బీరువాలో పెట్టి, క్యాబినెట్‌కు దుప్పటి కప్పి క్లినిక్‌కు పోయాను. రెండింటికి అమ్మ ఫోన్ చేసింది. ఆమె ఏడుపు వెనక సైరన్ నాకు స్పష్టంగా వినబడింది. బాపు తలుపు దాకా పోయాడట. బుధవారం అమ్మ కళ్లుగప్పి చెప్పుల్లేకుండా మెయిన్ రోడ్డెక్కాడు. చెరకు ట్రాక్టరు కింద పడబోతుంటే ఎవరో పట్టుకుని ఆపారు. ఇంకోసారి ఆపేవాళ్లు ఉండకపోతే?

గురువారం సెలవు పెట్టాను. క్యాబినెట్‌ను విప్పి పాత ఇనుము కింద వేసేద్దామని స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. రెండో స్క్రూ విప్పుతుండగా సైరన్ లేచింది. అమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది. కానీ బాపు ఈసారి వాకిలి వైపు పోలేదు. నేరుగా వచ్చి కంప్యూటర్ ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. క్యాబినెట్ మీద చెయ్యి వేశాడు.

"రాజన్నా, అచ్చిన. శాన లేటయింది. ఇగ నువ్వు దిగు," అన్నాడు.

సైరన్ మధ్యలోనే తెగిపోయింది. లోపల ఫ్యాన్ తిరగడం మొదలైంది. తీగ అక్కడ లేదు, బీరువాలో ఉంది. నేను చూశాను, అమ్మ చూసింది.

అది జరిగి ఎనిమిది నెలలు. సైరన్ మళ్లీ మోగలేదు. ఫ్యాన్ ఆగలేదు. బాపు ఆ గది వదలడు. అన్నం అక్కడే, పడక దాని పక్కనే. స్నానానికి లేచినా తలుపు తీసే ఉంచుతాడు. కరెంటు పని తెలిసిన ఒకాయన వచ్చి, లోపల మిగిలిన కరెంటుకు తిరుగుతుందన్నాడు. ఎన్ని రోజులు తిరుగుతుందని అడిగితే చాయ్ తాగకుండానే లేచిపోయాడు.

మొన్నొక మధ్యాహ్నం బాపు కింద చాప మీద కునుకు తీస్తున్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది. ఒక్కసారి నేను కూర్చుంటే అయిపోతుంది, బాపు లేచి బజారుకు పోతాడు, లక్ష్మక్క వాళ్లతో ముచ్చట పెడతాడు అనుకున్నాను. కుర్చీ మీద చెయ్యి వేశాను. బాపు కళ్లు తెరిచి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి కాలిపోతోంది.

"కూసోకు బిడ్డా. నువ్వు కూసుంటే నేను దిగాలె. నేను దిగితే ఇది నీ మీద పడ్తది. నీ ఎనుక ఎవలున్నరు?"

జ్వరమేమో అని థర్మామీటర్ పెట్టి చూశాను. లేదు.

ఇదేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించలేను. ఆ కుర్చీలో నేను కూర్చుంటే బాపు బయటికి వస్తాడని మాత్రం తెలుసు. తెలిసి కూడా రోజూ ఆ గది ముందు నుంచే తల దించుకుని బస్సుకు పోతున్నాను. నాకు భయం.