మా మామకు పిచ్చని తేల్చిన పరీక్ష

ఒక్క మనిషి, చేతిలో ఒక్క పెన్సిలుతో, వారం తిరిగేలోగా ఒక వీధి వీధినే పిచ్చివాళ్లను చేయగలడా? చేయగలడండీ. నేను చేశాను. పైగా అదంతా శాస్త్రప్రకారం చేశాను. ఎంత శాస్త్రప్రకారమంటే, కన్నతల్లిలాంటి మా అత్త వంకాయ తరగడానికి కత్తిపీట లేక లబోదిబోమంది. సంగతి మొదటి నుంచీ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

అప్పుడు నేను బెంగళూరులో మనస్తత్వశాస్త్రం మీద పరిశోధన వెలగబెడుతున్నాను. మాది శ్రీనివాసపురం దగ్గర మామిడితోటల పల్లె. నా చదువు పేరు చెబితే మా ఊళ్లో, "మనసుకు కూడా కాలేజీ ఉండాదా?" అని నవ్వేవాళ్లు. వాళ్ల నోరు మూయించాలని నాకు మహా పట్టుదల.

మా ప్రొఫెసరుగారు విదేశంలో తయారైన ఒక ప్రశ్నావళి నా చేతిలో పెట్టారు. ఆధారం లేని భయాలూ అనుమానాలూ ఎవరికి ముదిరాయో కనిపెట్టే పరీక్ష అది. "అవును" అన్నకొద్దీ మార్కులు పెరుగుతాయి. మార్కులు పెరిగినకొద్దీ మనిషి చేయి దాటిపోయినట్టు. "దీన్ని తెలుగు చేసి, ముందు ఏ జబ్బూ లేని మామూలు మనుషులకివ్వు. వాళ్లకు మార్కులు తక్కువ రావాలి. వస్తేనే ఇది కొలవాల్సినదాన్ని కొలుస్తున్నట్టు" అన్నారాయన.

మామూలు మనుషులు ఎక్కడ దొరుకుతారు? మునస్వామి మామ ఇంటి చుట్టుపక్కల దొరుకుతారని లెక్కేశాను. ఆయన మా అమ్మకు అన్న. కోలారు బంగారు గనుల్లో భూమి లోపల పని. గనులు సర్కారు చేతికొచ్చి చాలా ఏళ్లయింది, ఇంకా మూతపడలేదు. మామ మా పల్లెకు వచ్చిపోయేవాడే గాని నేనెన్నడూ అక్కడికి వెళ్లి ఎరగను. సంచి సర్దుకుని రైలెక్కి మారికుప్పంలో దిగాను. మామ స్టేషనుకే వచ్చి నా సంచి తన భుజానికి తగిలించుకున్నాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే సరోజత్త శుభవార్త చెప్పింది. "అల్లుడూ, మీ మామను మేస్త్రీని చేస్తారంట! ఆసుపత్రి డాక్టరమ్మ ఫిట్ అని సంతకం పెట్టాలంతే. ఇంగ రాత్రి షిఫ్టు తప్పుతాది. ఆయన రాత్రిపూట కిందికి పోతే నాకు కన్ను మూతపడదప్పా, తెల్లారేదాకా ప్రమాదం సైరన్ యాడ కూస్తాదో అని చెవి పెట్టుకోని ఉంటాను."

మంచిదే అనుకుని, భోజనం కాగానే మామతోనే బోణీ చేశాను.

"మామా, కాళ్ల కింద నేల కదిలినట్టు అనిపిస్తుందా?"

"అనిపించేదేమప్పా, కదుల్తాది. మొన్న గూడా కదిలె."

అవును అని రాసుకున్నాను. "కనపడని చోటు నుంచి శబ్దాలు వినిపిస్తాయా?"

"దినామూ. కింద నుంచి వస్తాయి."

"నిన్నెవరైనా అనుమానంగా చూస్తారా?"

"చూసేదా? ఒళ్లంతా తడుముతారు. ఒక్కోసారి నోరు గూడా తెరిపిస్తారు."

"ఎందుకు?"

"బంగారం దాచుకోని పోతా ఉండానని."

అదీ అవునే. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, "పాతాళంలోకి దిగిపోతున్నట్టు..." అన్నాను.

"పొద్దున దిగుతాను, సాయంత్రం వస్తాను" అన్నాడు మామ, తాంబూలం నములుతూ.

మీరు నవ్వుతున్నారు. గనిలో పనిచేసే మనిషి గని సంగతి చెబుతున్నాడని మీకు ఇట్టే తెలిసిపోయింది. పసిపిల్లకైనా తెలుస్తుంది. నాకు మాత్రం తెలియలేదు. పరీక్ష నియమం ప్రకారం అవునా కాదా అన్నదే రాసుకోవాలి, తక్కిన మాటలు చెవిన పెట్టకూడదు. "ఎందుకు" అని ఒకసారి నోరు జారినందుకే నన్ను నేను తిట్టుకున్నాను. నియమమంటే నాకు ప్రాణం. బుర్ర సంగతి వేరే.

తర్వాత ఆ వరసలో ఇంటింటికీ వెళ్లాను. అందరిదీ అదే పాట. అందరికీ నేల కదులుతుంది, అందరికీ కింద నుంచి శబ్దాలు, అందరినీ ఎవరో తడుముతారు! ఇదేదో అంటువ్యాధి అని నేను తేల్చేశాను. అందరికన్నా ఎక్కువ మార్కులు మామకే వచ్చాయి కాబట్టి అంటించింది ఆయనేనని కూడా తేల్చేశాను. మార్కులు ఇంత దాటినవాడు పైకి శాంతంగానే కనిపిస్తాడనీ, ప్రమాదకరమైన వస్తువుల దగ్గరికి పోనివ్వకూడదనీ సూచనల పుస్తకంలో ఉంది. మామకన్నా శాంతమైన మనిషిని నేను చూడలేదు. ఆయన రోజూ చేసేది మందుపెట్టి బండలు పేల్చే పని. ఇక చూడండి నా అవస్థ!

మొట్టమొదట ఇంట్లో పదునైనవన్నీ మాయం చేశాను.

"అల్లుడూ, కత్తిపీట యాడ?" అంది అత్త.

"నాకేం తెలుసత్తా?"

"వంకాయలు పండ్లతో కొరికి కూర చేయాల్నా ఏమి?"

మామతో మాట్లాడేటప్పుడు పసిపిల్లను జోకొట్టినట్టు మాట్లాడేవాణ్ని. "మామా, భయపడకు, ఇక్కడున్నదంతా మనవాళ్లే" అని వీపు నిమిరేవాణ్ని. ఆయన నావైపు అదోలా చూసి గుమ్మం దాటేవాడు. అత్త నాకు ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. నేను రాబర్ట్‌సన్‌పేట బజారుకు వెళితే మామ స్నేహితులిద్దరు నా వెనకే వచ్చారు. నేను టీ తాగితే వాళ్లూ టీ తాగారు, నేను పరుగెత్తితే వాళ్లూ పరుగెత్తారు. అంతే, మామ నామీద మనుషుల్ని పెట్టాడని తేల్చేశాను.

ఇక ఆగితే కొంప మునుగుతుందని, మర్నాడు పొద్దున్నే నుదురు పట్టుకుని, "మామా, తలనొప్పిగా ఉంది, ఆసుపత్రి దాకా తోడు వస్తావా?" అన్నాను.

మామ ముఖం వెలిగిపోయింది. "నేనే అడగల్లని ఉంటినప్పా. పోదాం రా!"

దారి పొడుగునా నేనాయన చేయి వదల్లేదు. ఆయన నా చేయి వదల్లేదు. పెళ్లిపీటల మీద కూడా ఎవరూ అంత గట్టిగా పట్టుకోరు.

డాక్టరమ్మ తలెత్తి, "ఎవరికప్పా బాగలేదు?" అంది.

"ఈయనకు" అన్నాను నేను. "వీనికి" అన్నాడు మామ.

ఇద్దరం ఒకేసారి ఆమెకు కన్ను గీటాం. ఇక తప్పదని మామ జవాబుల కాగితం బల్లమీద పెట్టాను. "ఈయన్ను గనిలోకి పంపకండి మేడం. చాలా ముదిరిపోయింది."

మామ ఏమీ అరవలేదు. నావైపు తిరిగి, "మేస్త్రీ పనికి సంతకం పెట్టేది ఈమేరా, అబ్బోడా" అన్నాడు మెల్లగా. నాకు సైరన్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే అత్త గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా శాస్త్రం శాస్త్రమే కదా అని బిగుసుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ కాగితం అంతా చదివింది. "నేల నాకూ కదుల్తాది, శబ్దాలు నాకూ వినపడతాయి. నన్ను గూడా కట్టేస్తావా?"

నేను నోరు తెరిచేలోపు కింద ఎక్కడో గుభేలుమంది. గోడలు అదిరాయి, బల్ల ఊగింది. లోపల బండలు పగిలినప్పుడల్లా ఆ ఊరికది మామూలేనట. డాక్టరమ్మ ఒక చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకుంది. మామ మందుసీసాలు పడకుండా అడ్డం పెట్టాడు. ఇద్దరికీ రెప్ప కూడా పడలేదు. నేనెక్కడున్నానంటారా? బల్ల కింద.

"కదిలిందా?" అని పైనుంచి డాక్టరమ్మ గొంతు.

"కదిలింది మేడం!"

"అవును అని రాసుకో. నీ వెనక ఎవరన్నా పడినారా?"

"పడ్డారు! మామ మనుషులు!"

"తిక్కతిక్కగా ఉండావు, యాడన్నా తప్పిపోతావని నేనే తోడు పంపినా కదరా!" అన్నాడు మామ.

"అన్నం పెట్టే ఇంట్లో నిన్ను ఎవరన్నా చంపుతారని అనుమానమా?" అని మళ్లీ డాక్టరమ్మ గొంతు.

నేను బల్ల కాలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"కత్తిపీట యాడ పెట్టినావు?" అన్నాడు మామ.

"బియ్యం డబ్బా వెనక" అన్నాను బల్ల కిందనుంచే.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది. మామ మేస్త్రీ పని కాగితం తీసి, దానిమీద ఫిట్ అని రాసి సంతకం గీకేసింది. తర్వాత వంగి నన్ను చూసి, "నీ పరీక్షలో తప్పేమీ లేదప్పా. ఆధారం లేని అనుమానం ఉండేవాణ్ని పట్టేదానికే కదా దాన్ని చేసినారు? ఈ ఊరోళ్లు అందరూ ఉన్నదే చెప్పినారు. లేనిది ఉండాదనుకున్నోడు ఒక్కడే. సరిగ్గా పట్టుకునింది చూడు!" అంది.

కాబట్టి యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. ఇకమీదట ఏ మనిషైనా "అవును" అంటే, "ఎందుకు?" అని అడిగి, చెప్పిందంతా చెవులారా విన్న తర్వాతే పెన్సిలు కదుపుతాను. మేనమామలకైతే జన్మలో పరీక్ష పెట్టను. ఈ ప్రతిజ్ఞ బల్ల కింద కూర్చునే చేశాను. మామే స్వయంగా చేయి పట్టి నన్ను బయటికి లాగాడు.